వియ్యంకుల గది

వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలంటారు. ఆ లెక్కన డ్రైవరుగారికీ టైలరుగారికీ వియ్యమూ పొసగకూడదు, కయ్యమూ పొసగకూడదు. డ్రైవరుగారు ఆరడుగుల మనిషి. ఒంట్లో ఓపికున్నన్నాళ్ళూ బస్సు నడిపి, ఇంజను మోతను మించి మాట్లాడటం అలవాటై, మంచినీళ్ళు అడిగినా పక్కింటివాళ్ళు గ్లాసుతో పరిగెత్తుకొచ్చేలా అడుగుతారు. టైలరుగారు బక్కపలచని మనిషి. బతుకంతా పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని మాట్లాడటంతో, సూదులు లేనప్పుడు కూడా ఆయన మాట పెదాల సందులోంచి సన్నగా జారుతుందే తప్ప గట్టిగా బయటికి రాదు.

డ్రైవరుగారి కొడుక్కి టైలరుగారి కూతుర్నిచ్చి చేసి ఇరవై ఏళ్ళ పైమాట. ఇన్నేళ్ళలో వియ్యంకులిద్దరి మధ్యా నడిచిన మాటలన్నీ పోగేసినా ఒక పోస్టుకార్డు నిండదు. "బాగున్నారా బావగారూ?" "ఏదో మీ దయ బావగారూ." అంతే. మిగతా మాటలన్నీ ఆడవాళ్ళు చూసుకునేవారు. వియ్యపురాళ్ళిద్దరూ ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయాక మగవాళ్ళిద్దరికీ మాట్లాడుకునే పనే పడలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. పెళ్ళికి అల్లుడి కోటు టైలరుగారే స్వయంగా కుట్టారు. కోటు చేతులు వేలెడు పొట్టివయ్యాయని డ్రైవరుగారు నలుగురిలో నవ్వారు. సరదాకే అన్నారు, ఆ సాయంత్రానికే మర్చిపోయారు. టైలరుగారు మర్చిపోలేదు. ఆ తర్వాత ఎప్పుడు ఆ ఇంటికొచ్చినా ముందు అల్లుడి మణికట్టు వైపు ఓసారి చూసి, తర్వాతే కుర్చీలో కూర్చునేవారు.

అలాంటి టైలరుగారు ఒకరోజు తన కొట్లోనే పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయింది. ఆయన ఉండేది కొట్టు మీద గదిలో. నిచ్చెనకి అన్నలాంటి ఇనప మెట్లెక్కితే గానీ గది రాదు. "మా ఇంటికి వచ్చెయ్ నాన్నా" అంది కూతురు. ఇల్లంటే మూడో అంతస్తులో రెండు గదులూ ఒక హాలూ. లిఫ్టు లేదు. ఒక గది మొగుడూ పెళ్ళాలది. రెండోది డ్రైవరుగారిది. హాలు పేరుకే హాలు, నలుగురు నిలబడితే ఐదోవాడు తలుపు బయట ఉండాలి. కాబట్టి రెండో మంచం ఎక్కడ పడుతుందన్నది ఎవరూ అడగక్కర్లేకుండానే తేలిపోయింది.

కొడుకు ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తాడు. కోడలు మందుల షాపులో. ఇద్దరూ పొద్దున పోతే సాయంత్రానికి చేరతారు. మంచం వచ్చే ముందురోజు కొడుకు తండ్రి పక్కన కూర్చుని, "మూణ్ణెల్లే నాన్నా. మామయ్య కాలు కుదుటపడేదాకా. పగలు మేం ఉండం కదా, కాస్త కనిపెట్టి ఉండు" అన్నాడు.

ఒక ఒరలో రెండు కత్తులు ఎలా ఇముడుతాయి అని అందామనుకున్నారు డ్రైవరుగారు. కానీ 'కనిపెట్టి ఉండు' అన్న మాట ఆయనకి నచ్చింది. చాలాకాలమైంది ఎవరైనా ఆయనకి ఒక పని అప్పగించి. "సరేలే, నేను చూసుకుంటాగా" అన్నారు, వీధి చివరి దాకా వినిపించేలా.

ఇక్కడ డ్రైవరుగారి గుట్టు ఒకటి చెప్పాలి. కొండలాంటి మనిషి లోపల్లోపల కరిగిపోతున్నారు. జబ్బంటూ ఏమీ లేదు. చాప కింద నీరులా వచ్చిందది. ముందు సీసా మూతలు మొండికేశాయి. తర్వాత కుర్చీ. కూర్చోవడం తేలికే, లేవాలంటే ఊగి ఊగి, చేతుల మీద బరువేసి లేవాలి. ప్యాంట్లు నడుం దగ్గర నిలవడం మానేశాయి. బెల్టుకి మేకుతో కొత్త చిల్లులు పొడిచారు. ఆ చిల్లులూ చాలనప్పుడు లోపలివైపు పిన్నీసు పెట్టారు. వీధిలోకి దిగి నెలలైంది. ఎవరైనా అడిగితే "కింద ఏముంది కొత్తగా చూడ్డానికి" అనేవారు. కొడుకూ కోడలూ ఇంట్లో ఉన్నంతసేపూ కుర్చీలోంచి లేచే పని పెట్టుకునేవారు కాదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, తను లేవకపోతే ఎవరికీ తెలియదనుకున్నారు.

మూడంతస్తులూ అల్లుడూ ఇంకొకరూ కుర్చీలో మోసుకొస్తే, టైలరుగారు గుమ్మం నుంచి నాలుగు కాళ్ళ వాకర్‌తో టకటకమంటూ వచ్చారు. సామానంటే ఒక సంచీ, ఒక పాత బొంత, కొట్లో వాడే చెక్క స్కేలు.

"స్కేలెందుకు నాన్నా?" అంది కూతురు.

"ఊరికే. చేతికి అలవాటు" అన్నారాయన.

మొదటి వారమంతా డ్రైవరుగారు తన బాధ్యతని ఏమాత్రం తగ్గకుండా నిర్వహించారు. కుర్చీలో కూర్చుని, "నిటారుగా నడవండి బావగారూ. కిందకి చూడకండి, ముందుకి చూడండి" అని గదమాయించేవారు. టైలరుగారు సరేనని నిటారయ్యేవారు. ఫిజియో అమ్మాయి వచ్చి కాలు ఎత్తించి, దింపించి, మంచం మీద పక్కకి దొర్లించి, మోకాళ్ళ మీద వంగబెట్టి ఏవేవో చేయిస్తుంటే డ్రైవరుగారు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవారు. ఆ అమ్మాయి పేపరు పక్కనుంచి ఆయన వైపు చూసేది గానీ ఏమీ అనేది కాదు.

రెండో వారంలో ఒక చిన్న గొడవ వచ్చింది. డ్రైవరుగారి కుర్చీ మీద టైలరుగారి బొంత నాలుగు మడతలేసి ఉంది.

"ఇదేంటి బావగారూ, మీ బొంత నా కుర్చీ మీద?"

"మంచం మీద చోటు చాలట్లేదండీ. కాస్త సర్దుకోండి."

పరాయి బొంత మీద కూర్చోవడమేంటని గొణుక్కుంటూనే కూర్చున్నారు. మెత్తగానే ఉంది. లేవడం కూడా ఆరోజు ఎందుకో తొందరగా అయింది. మర్నాడు బిస్కెట్ల డబ్బా మూత కూడా ఇలా ముట్టుకుంటే అలా వచ్చేసింది. ఆ మర్నాడు పచ్చడి సీసాదీ. 'ఫర్వాలేదు, పట్టు తిరిగొస్తోంది' అనుకుని డ్రైవరుగారు లోపల్లోపల మురిసిపోయారు. ఆ హుషారులో టైలరుగారిని ఇంకో రెండు మాటలు ఎక్కువే గదమాయించారు.

అలా రోజులు గడుస్తుండగా ఒక మధ్యాహ్నం డ్రైవరుగారు స్నానానికి వెళ్ళారు. పొద్దున పూట అందరి హడావిడీ అయ్యాక తీరిగ్గా చేయడం ఆయన అలవాటు. గడియ పెట్టుకోవద్దు నాన్నా అని కొడుకు ఎన్నిసార్లు చెప్పినా, గడియ పెట్టుకోని స్నానం స్నానమే కాదని ఆయన వాదన.

ఆయన సబ్బు మీద జారలేదు. కళ్ళూ తిరగలేదు. స్నానమైపోయింది, ప్లాస్టిక్ స్టూలు మీంచి లేవబోయారు, కాళ్ళు ఇంక మావల్ల కాదన్నాయి. దండెం మీంచి దుప్పటి జారినట్టు నెమ్మదిగా నేల మీదికి జారిపోయారు. మోచెయ్యి గోడకి గీరుకుంది. అంతకుమించి దెబ్బేం లేదు. ఏం లేదు కదా, లేద్దాంలే అనుకున్నారు. కుళాయి పట్టుకుని చూశారు, స్టూలు పట్టుకుని చూశారు. స్టూలు జారింది. గోడకి వీపు ఆనించి బలమంతా కూడదీసుకుని చూశారు. నడుం జానెడు లేచి మళ్ళీ నేలకి దిగింది. అంత పెద్ద బస్సుని కొండదారుల్లో తిప్పిన కాళ్ళూ చేతులూ ఇవేనా అని ఎదురుగా చాపుకున్న తన కాళ్ళకేసి చూశారు. పిక్కలు పోయాయి. మోకాళ్ళు మాత్రం వాటి సైజులో అవున్నాయి.

చాలాసేపటికి బయట టకటకమని వాకర్ చప్పుడు వచ్చి తలుపు దగ్గర ఆగింది.

"బావగారూ, నీళ్ళ చప్పుడు ఆగి చాలాసేపయింది."

"వస్తున్నా."

"మీ గొంతు కింద నుంచి వినిపిస్తోందే."

"గొంతుకి కిందేంటి, పైనేంటి?"

"మీ గొంతు ఎప్పుడూ నా నెత్తి మీద నుంచి వస్తుందండీ. ఇవాళ మోకాళ్ళ దగ్గర నుంచి వస్తోంది. పడ్డారా?"

"పడలేదు. కూర్చున్నాను."

"లేవగలరా?"

కుళాయిలోంచి చుక్కలు పడుతున్నాయి.

"దెబ్బలేమైనా తగిలాయా? కాళ్ళూ చేతులూ కదులుతున్నాయా?"

"అన్నీ కదులుతున్నాయి. లేవడమే లేదు."

"అమ్మాయికి ఫోన్ చేస్తాను."

"వద్దు. చేశారంటే మీకూ నాకూ మాటల్లేవు."

"ఇప్పుడు మాత్రం ఎన్ని ఉన్నాయి లెండి" అన్నారు టైలరుగారు తలుపుకి అవతలినుంచి. "సరే, ముందు గడియ తియ్యండి."

గడియ అందే ఎత్తులో లేదు. డ్రైవరుగారు చెయ్యి చాపి చూసి, అందదని ఒప్పుకున్నారు. వాకర్ చప్పుడు దూరంగా వెళ్ళి మళ్ళీ దగ్గరికొచ్చింది. తలుపు కింద సందులోంచి చెక్క స్కేలు మెల్లగా లోపలికి వచ్చింది. డ్రైవరుగారు దాని కొసతో గడియని ఒక్కొక్క పోటూ పొడిచారు. చివరికి కదిలింది.

"ఉండండి, ఉండండి. ఇప్పుడే రాకండి" అంటూ తువ్వాలు లాక్కుని నడుం చుట్టూ కప్పుకున్నారు.

"బతుకంతా మగాళ్ళ నడుములు కొలిచినవాణ్ణి బావగారూ. నాకు కొత్తేం కాదు" అంటూ టైలరుగారు తలుపు తోశారు. నేల మీద చతికిలబడ్డ ఆ మనిషిని కిందనుంచి పైదాకా ఓసారి చూసి, "ఏనుగు పడ్డా గుర్రమంత ఎత్తని ఊరికే అన్నారా. కూర్చున్నా నా నడుం దాకా ఉన్నారు" అన్నారు.

డ్రైవరుగారికి నవ్వు రాబోయి ఆగిపోయింది.

టైలరుగారికి ఆయన్ని ఎత్తే శక్తి లేదు. బకెట్ కూడా ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు. అందుకని వెళ్ళి, వాకర్ బదులు హాల్లో కుర్చీనే ముందుకి తోసుకుంటూ తీసుకొచ్చి గుమ్మంలో నిలబెట్టారు. పొడిగుడ్డ పడేసి నేల తుడిపించారు. "ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యండి. నేరుగా పైకి లేవకండి. ముందు పక్కకి ఒరగండి. తర్వాత రెండు చేతులూ మోకాళ్ళూ నేలకి ఆనించండి. అలాగే పాక్కుంటూ కుర్చీ దాకా రండి."

"పాకమంటారా?"

"పసివాళ్ళు పాకే కదా నిలబడేది. మనమేం వాళ్ళకన్నా గొప్పా?"

"ఇవన్నీ మీకెలా తెలుసు?"

"ఫిజియో అమ్మాయి నాతో చేయిస్తుంటే మీరు పేపరు చదువుకుంటున్నారు కదండీ."

పక్కకి ఒరగడం అయింది. చేతుల మీదికి రావడం అయింది. కుర్చీ పట్టుకుని లేవబోయేసరికి మోకాలు వణికి, డ్రైవరుగారు మళ్ళీ చతికిలబడ్డారు. ఆయాసం. కళ్ళ వెంబడి నీళ్ళు. అవి స్నానం నీళ్ళేనని ఇద్దరూ అనుకోవచ్చు, అలాగే అనుకున్నారు.

"కాసేపు ఆగుదాం. తొందరేముంది, మనకేం ఆఫీసులున్నాయా" అని టైలరుగారు గుమ్మంలో కుర్చీ మీద కూర్చున్నారు. ఒంటి మీది చొక్కా విప్పి డ్రైవరుగారి భుజాల చుట్టూ కప్పారు. అది ఆయన భుజాల్లో సగానికే వచ్చింది.

కాసేపటికి డ్రైవరుగారు నోరు విప్పారు. "మిమ్మల్ని చూసుకోమని మావాడు నాకు అప్పజెప్పాడు. చూడండి, ఎలా చూసుకుంటున్నానో."

టైలరుగారు తల పక్కకి వంచారు. "ఏమన్నాడు?"

"మామయ్యని కాస్త కనిపెట్టి ఉండు నాన్నా అన్నాడు."

"అమ్మాయి నాతో అదే మాటంది. మామయ్యగారు పగలు ఒక్కరే ఉంటున్నారు, కాస్త కనిపెట్టి ఉండు నాన్నా అని."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అందుకేనా ఆ బొంత?" అన్నారు డ్రైవరుగారు.

"కుర్చీ నాలుగు వేళ్ళు ఎత్తయితే లేవడం తేలికని ఆ ఫిజియో అమ్మాయే చెప్పింది."

"మరి... డబ్బాల మూతలు?"

టైలరుగారు గోడ మీద పెచ్చులకేసి చూశారు.

"నేనింకా నా పట్టు తిరిగొస్తోందనుకున్నానయ్యా" అన్నారు డ్రైవరుగారు. అని, ఆ మాట తన చెవులకే వినిపించి, పొట్ట కదిలేలా నవ్వారు. టైలరుగారు కూడా నవ్వారు. ఆయన నవ్వు చప్పుడు రాదు, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడతాయి. ఒకరు నేల మీద, ఒకరు బనీను మీద, ఆ ఇరుకు గుమ్మంలో ఇద్దరు వియ్యంకులూ ఊపిరందనంత నవ్వుకున్నారు.

నవ్వు సద్దుమణిగాక డ్రైవరుగారు తనంతట తనే చెప్పారు. మొన్న ఎండాకాలం వీధి దాటుతుంటే సగంలో సిగ్నల్ మారిపోయిందట. కాళ్ళు సాగలేదు. అటూ ఇటూ బళ్ళు. ఎదురుగా సిటీ బస్సు. "కుర్రాడు, కొత్తగా చేరినట్టున్నాడు. హారన్ మీద చెయ్యి తియ్యలేదు. కిటికీలోంచి తల పెట్టి, ఇంట్లో కూర్చోక ఎందుకొస్తావు తాతా అన్నాడు. వాడి తప్పేం లేదు బావగారూ, వాడికి వెనక ట్రాఫిక్ ఉంది. కానీ ఆ రోజు నుంచి కిందికి దిగబుద్ధి కాలేదు."

అప్పుడు టైలరుగారు తన సంగతి చెప్పారు. కొట్లో పడింది సాయంత్రం. పక్క చెప్పుల షాపతను షట్టర్ ఎత్తి చూసింది మర్నాడు పొద్దున. "ఫోను నా జేబులోనే ఉంది. అమ్మాయి అప్పుడే పని నుంచి వచ్చుంటుంది, వంటచేస్తుంటుంది, దాన్నెందుకు కంగారు పెట్టడం అని ఊరుకున్నాను. రాత్రంతా కట్‌పీసు ముక్కల మీద పడుకున్నాను. మర్నాడు అది ఆసుపత్రికి వచ్చి నన్ను తిట్టలేదు. నా జేబులోంచి ఫోను తీసి, అందులో చార్జింగ్ ఉందని చూసి, గోడవైపు తిరిగి ఏడ్చింది. ఎముక విరిగినప్పుడు కూడా అంత నొప్పి లేదు బావగారూ."

డ్రైవరుగారు భుజాల మీది చొక్కాని దగ్గరికి లాక్కున్నారు.

"చలేస్తోందా?"

"వేస్తోంది."

"అయితే ఇంకోసారి చూద్దాం. ఈసారి బస్సనుకోండి. మీరు డ్రైవరు, నేను కండక్టర్ని."

ఆ మాట ఎక్కడ తగిలిందో గానీ డ్రైవరుగారు నడుం బిగించారు. పక్కకి ఒరిగారు. చేతుల మీదికి వచ్చారు. "రానివ్వండి, రానివ్వండి. కొంచెం ఎడమకి. రైట్" అంటున్నారు టైలరుగారు, ఎప్పుడూ లేనిది గొంతెత్తి. డ్రైవరుగారు కుర్చీ దగ్గరికి పాక్కుంటూ వచ్చారు. "హోల్డాన్. ఊపిరి పీల్చుకోండి. ఇప్పుడు ఒక పాదం నేలకి ఆనించండి. రెండు చేతులూ కుర్చీ మీద. బరువంతా చేతుల మీద వేసి, రైట్ రైట్..." టైలరుగారు కుర్చీ వెనక నిలబడి తన బక్క ఒళ్ళంతా దాని మీద ఆనించి కదలకుండా పట్టుకున్నారు. డ్రైవరుగారి ఒళ్ళు గజగజలాడింది. పళ్ళు బిగించారు. నడుం లేచింది, లేచినది తిరిగింది, తిరిగినది కుర్చీలో పడింది.

డ్రైవరుగారి చెయ్యి కుర్చీ మీదుగా వెనక్కి వెళ్ళి, టైలరుగారి మణికట్టు వెతుక్కుని పట్టుకుంది.

గదిలోకి చేరాక టైలరుగారు ఆయన వీపు తుడిచారు. మోచేతికి మందు రాశారు. దండెం మీది ప్యాంటు తీసి ఇవ్వబోతూ లోపలివైపు పిన్నీసు చూశారు. బెల్టుకి పొడిచిన చిల్లులూ చూశారు. సంచీలోంచి సూదీ దారం తీసి, కిటికీ వెలుతురుకి తిరిగి కూర్చుని నడుం కుట్టు విప్పడం మొదలుపెట్టారు.

"ఎప్పుడు తెలిసింది మీకు?" అన్నారు డ్రైవరుగారు మంచం మీంచి.

"వచ్చిన రోజే. భుజం కుట్టు మీ భుజం మీద లేదు, చెయ్యి మీదికి జారింది. మీరు చిక్కినా బట్టలు చిక్కవు కదండీ."

"మరి చెప్పలేదేం?"

"మీరు దాచుకుంటున్నారు కదా. దాచుకున్నదాన్ని లాగితే చిరుగుతుంది."

డ్రైవరుగారు గుడ్డలో వచ్చిపోతున్న సూదినే చూస్తూ అడిగారు. "సాయంత్రం చెప్తారా పిల్లలకి?"

"నేను చెప్పను. అది మీరు చెప్పుకోవాల్సిన సంగతి. కానీ అమ్మాయి అడిగితే మాత్రం అబద్ధం ఆడలేను. ఒకసారి ఫోను జేబులో పెట్టుకుని పడుకున్నది చాలు."

సాయంత్రం కోడలు వచ్చింది. చెప్పులు విప్పుతూనే ఇద్దరినీ చూసి ఆగిపోయింది. డ్రైవరుగారు తన మంచం మీద, టైలరుగారు ఆ మంచం పక్కనే కుర్చీ వేసుకుని. ఎప్పుడూ గదికి చెరో మూలా ఉండే మనుషులు.

"ఏమైంది?"

డ్రైవరుగారు టైలరుగారి వైపు చూశారు. ఆయన దారం కొరుకుతున్నారు.

"అమ్మాయ్, ఇలా కూర్చో" అన్నారు డ్రైవరుగారు. ఆ గొంతు ఆ ఇంట్లో ఇదివరకెవరూ వినలేదు, అంత నెమ్మదిగా ఉంది. అంతా చెప్పారు. సీసా మూతల నుంచి మొదలుపెట్టి బాత్రూం దాకా. మధ్యలో కొడుకు కూడా వచ్చి, భుజానికున్న సంచీ దింపకుండానే గుమ్మంలో నిలబడి విన్నాడు.

కోడలు ఏడవలేదు. లేచి లోపలికెళ్ళి చిన్న స్టీలు గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది. గిన్నె నిండా పిన్నీసులు. "బట్టలుతికేటప్పుడు దొరుకుతుంటాయి మామయ్యా. ఎప్పుడడుగుదామన్నా మీ మొహం చూసి నోరు పెగల్లేదు. డాక్టరు దగ్గరికి రమ్మంటే నాకేం రోగమని ఇల్లెగిరిపోయేలా అరుస్తారు."

"అరుస్తాను" అని ఒప్పుకున్నారు డ్రైవరుగారు. "రేపు అరవను. తీసుకెళ్ళు."

కొడుకు సంచీ దింపి, డబ్బాలోంచి స్క్రూడ్రైవర్ తీసి, నేరుగా వెళ్ళి బాత్రూం గడియ ఊడదీశాడు. డ్రైవరుగారికి అది మాత్రం మింగుడుపడలేదు. "గడియ లేకపోతే మనిషికి మర్యాదేముంటుందిరా?" అన్నారు. దానికి దారి టైలరుగారే చూపించారు. తలుపు బయట మేకుకి తువ్వాలు వేలాడుతుంటే లోపల మనిషి ఉన్నట్టు. ఇంట్లో నలుగురికీ అదే రూలు. ఆ రాత్రి కొడుకు తండ్రి మంచం పట్టె మీద కూర్చుని, చాలాసేపు ఆయన పిక్కలు పిసికాడు.

డాక్టరు పరీక్షలన్నీ చేయించి, వయసుతో కండ కరిగిపోతోందన్నాడు. కూర్చున్నకొద్దీ ఇంకా కరుగుతుందన్నాడు. సరిగ్గా తినాలి, రోజూ కసరత్తు చెయ్యాలి. పోయినదంతా రాదు గానీ కొంత వస్తుంది, ఉన్నది నిలుస్తుంది. ఫిజియో అమ్మాయి ఇప్పుడు ఒకరి కోసం వచ్చి ఇద్దరితో చేయిస్తోంది. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవడం, గోడ పట్టుకుని మడమలెత్తడం. డ్రైవరుగారు మొదటిరోజు ఆయాసంతో ఆ అమ్మాయిని కసిరారు. టైలరుగారు పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అంతే, డ్రైవరుగారు కసరడం మానేశారు.

మూణ్ణెల్లు దగ్గరపడ్డాయి. టైలరుగారు వాకర్ వదిలి చేతికర్రతో నడుస్తున్నారు. ఒక సాయంత్రం కూతురితో, "ఇంక కొట్టు తెరుచుకుంటానమ్మా. ఎన్నాళ్ళని మీకు భారంగా" అన్నారు. కూతురు అలిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అల్లుడు ఆ ఇనప మెట్ల సంగతెత్తాడు. టైలరుగారు నవ్వి ఊరుకున్నారు. నోట్లో నాలుక లేని మనిషే గానీ, ఒకటనుకుంటే మాత్రం ఆయన చేత మార్పించడం కష్టం.

డ్రైవరుగారు ఆ రెండు రోజులూ ఏమీ అనలేదు. వెళ్ళొద్దనడం ఆయనకి రాదు. ఎన్నడూ ఎవరితోనూ అనలేదు. మూడో రోజు మధ్యాహ్నం టీ తాగుతూ ఉన్నట్టుండి అడిగారు.

"మీ కుట్టుమిషను ఎంతుంటుంది బావగారూ, పొడుగూ వెడల్పూ?"

"ఎందుకండీ?"

"ఏం లేదు. మన గదిలో కిటికీ దగ్గర నా బీరువా ఉంది కదా. దాన్ని హాల్లోకి జరిపితే ఆ చోటు మిషనుకి సరిపోతుందా అని."

టైలరుగారు కప్పు దించారు. "బీరువా మీ ఆవిడ కొనిపించిందని అమ్మాయి చెప్పింది."

"హాల్లో ఉన్నా ఆవిడ కొనిపించిందే."

"కుట్టు చప్పుడు పగలంతా వస్తుంది."

"బస్సు నడిపినవాడికి చప్పుడు గురించి చెప్తున్నారా?"

టైలరుగారు కప్పులో మిగిలిన టీ తాగేశారు. "నేను గురక కూడా పెడతాను" అన్నారు చివరికి.

"తెలుసు. మూణ్ణెల్లుగా నిద్దరోయినట్టు నటిస్తున్నది ఎవరనుకున్నారు?"

ఆ మాటకి టైలరుగారి భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. అవుననలేదు, కాదనలేదు. ఆ సాయంత్రం కూతుర్ని పిలిచి, కొట్టు పక్క చెప్పుల షాపతనికి వదిలేస్తానని, మిషను మాత్రం తెప్పించమని చెప్పారు. కూతురు సరేనని మామూలుగానే అంది. తర్వాత వంటింట్లో కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. ఆ కూరని నలుగురూ మాట్లాడకుండా తిన్నారు.

మిషను ఆదివారం వచ్చింది. కొడుకూ ఇంకో ఇద్దరూ కలిసి మూడంతస్తులూ మోసుకొచ్చారు. బీరువా హాల్లోకి పోయింది. ఐదోవాడికే కాదు, నాలుగోవాడికి కూడా హాల్లో చోటు లేకుండా పోయింది. కిటికీ కింద మిషను సర్దుకుంది. టైలరుగారు నూనె పోసి, పట్టీ బిగించి, పాదం కింద పెడలు ఎలా ఆడుతోందో చూసుకున్నారు. ఆపరేషన్ అయిన కాలు మొదట మొండికేసింది, నాలుగు తొక్కులకి దారిలో పడింది. కోడలి దగ్గర చిరిగిన దిండు గలీబు ఒకటి తీసుకుని మొదలుపెట్టారు.

గదికి అవతలివైపు డ్రైవరుగారు కుర్చీలో ఉన్నారు. కుట్టు ఎలా పడుతోందో దగ్గరికెళ్ళి చూడాలనిపించింది. చేతులు ఆన్చకుండా ముందుకి వంగారు. సగం లేచారు. పొద్దున కసరత్తు కాస్త ఎక్కువైందో ఏమో, మళ్ళీ కూర్చుండిపోయారు. ఇదివరకైతే పేపరు తీసుకుని, లేవాలనుకోనట్టే ఉండిపోయేవారు.

"బావగారూ, ఓ చెయ్యి వెయ్యండి" అన్నారు.

మిషను ఆగింది. టైలరుగారు చేతికర్ర అందుకుని వచ్చి చెయ్యి చాపారు. సన్నటి చెయ్యే గానీ, యాభై ఏళ్ళు కత్తెర పట్టిన చెయ్యి కావడంతో పట్టు గట్టిగా ఉంది. ఒకరు లేచారు, ఇంకొకరు తూలకుండా కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డారు. ఇద్దరూ నెమ్మదిగా కిటికీ దగ్గరికి వెళ్ళి, దిండు గలీబు వెలుతురుకి పట్టుకుని చూశారు.

"వంకర పోయింది" అన్నారు డ్రైవరుగారు.

"పోయింది. విప్పి మళ్ళీ వేస్తాను. కూర్చోండి" అన్నారు టైలరుగారు.